స్వభాను సంవత్సరం కుర్రాళ్లు

ఉగాది ఇంకా వారం రోజులుందనగా బెంగుళూరు నుంచి మావాడి కార్డు వచ్చింది. మూడే మూడు వాక్యాలు. "శుక్రవారం నాటికి ఇక్కడ ఉండు. టికెట్లు రెండు కొన్నాను. మీ ఆవిడతో అన్నీ చెప్పనక్కరలేదు."

కార్డు మీద రాసినది ఇంటిల్లిపాదీ చదివిన తరవాతనే యజమాని చేతికి వస్తుందన్న సంగతి, అరవయ్యో ఏడు నడుస్తున్నా వాడికి తెలియదు. మా ఆవిడ ఆ కార్డు నా చేతిలో పెట్టి, "అన్నీ వద్దు లెండి, కొన్ని చెప్పండి చాలు" అన్నది.

ఇది 2003 నాటి మాట. ఏప్రిల్ 4వ తేదీన బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో రోలింగ్ స్టోన్స్ వారి కచేరీ. వాళ్లెవరో తెలియని పాఠకులుంటే ఒక్క ముక్కలో చెబుతాను: 1962లో లండన్‌లో మొదలైన రాక్ సంగీతం జట్టు. నలభై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రపంచయాత్ర చేస్తూ, మన దేశంలో మొట్టమొదటిసారి పాడబోతున్నారు. ఆ రోజుల్లోనే సార్స్ అనే కొత్త జబ్బు తూర్పు దేశాలను హడలగొడుతూ ఉండటంతో హాంకాంగులో వీళ్ల కచేరీలు ఆగిపోయాయి. ఆ సంగతి కూడా పేపర్లో పడింది. మా ఆవిడ ఆ పేపరు కూడా చదివింది.

"ఆగస్టులో షష్టిపూర్తి పెట్టుకొని, ఇప్పుడు మీకు గంతులేసే వాళ్ల పాటలేమిటి? నలుగురూ వింటే ఏమనుకొంటారు?"

"నలుగురికీ వినపడదు లేవే, బెంగుళూరులో గదా" అన్నాను. ఆ రాత్రి చారులో ఉప్పు లేదు.

ఉగాది ఆ ఏడు ఏప్రిల్ 2న వచ్చింది. రాజమండ్రిలో మా వీధి చివరి గుడిలో పంచాంగ శ్రవణం. స్వభాను నామ సంవత్సరం అని సిద్ధాంతిగారు మొదలుపెట్టగానే నాకు చటుక్కున తట్టింది. నేను పుట్టింది స్వభానులో. మావాడూ స్వభానులోనే. అరవై ఏళ్ల చక్రం తిరిగి మళ్లీ మా సంవత్సరమే వచ్చింది. అంతటితో ఆగక, ఆ జట్టులో పాడే మిక్ జాగర్ పుట్టింది 1943 జులై 26, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ పుట్టింది అదే ఏడు డిసెంబరు 18. అంటే వాళ్లూ స్వభాను వాళ్లే! సిద్ధాంతిగారు ఆదాయ వ్యయాలు చదువుతూంటే నేను ఈ లెక్కలో పడిపోయి నా రాశి ఎప్పుడు వచ్చి పోయిందో చూసుకోలేదు. ఒకే సంవత్సరంలో పుట్టిన నలుగురిలో ఇద్దరు పెన్షనర్లయి అరుగుల మీద కూర్చున్నారు. ఇద్దరు ఊరూరా తిరిగి గంతులు వేస్తున్నారు. జాతకాల సంగతి నాకు అంతగా తెలియదు గాని, ఎక్కడో తేడా ఉందని మాత్రం తోచింది.

పచ్చడి తిని సాయంత్రం రైలెక్కాను. చివరికి మా ఆవిడే పులిహోర కట్టి ఇచ్చింది, గొడుగు కూడా ఇచ్చింది.

మావాడి పేరు చెప్పను. కాలేజీలో అందరమూ వాణ్ణి 'రేడియో' అని పిలిచేవాళ్లం. 1964 నుంచి రెండేళ్లు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో కలిసి చదువుకొన్నాం. వాళ్లిల్లు విశాఖపట్నం మహారాణిపేటలో. నేను హాస్టలు వాణ్ణి. హాస్టలు చారు మీద విరక్తి పుట్టినప్పుడల్లా వాళ్లింటికి పోయేవాణ్ణి. డాబా మీద ఒక గది, ఆ గదిలో ఒక రేడియో, రికార్డు ప్లేయరు. రాత్రిపూట సముద్రం హోరులో కలిసిపోయి రేడియో సిలోను ఇంగ్లీషు పాటలు వచ్చేవి. మాకు పాటలో ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అయినా మావాడు కళ్లు మూసుకొని, మోకాలి మీద తాళం వేస్తూ, "విన్నావుట్రా, విన్నావుట్రా" అనేవాడు. మా ఇళ్లల్లో త్యాగరాజ కీర్తనలు, సినిమా పాటలు తప్ప మరొకటి చెవినపడని రోజులవి. దొంగతనంగా మామిడికాయ తిన్నంత రుచిగా ఉండేది.

వాళ్ల మేనమామ ఓడల్లో ఉద్యోగం చేసేవాడు. 1966 మొదట్లో లండన్ నుంచి వస్తూ మేనల్లుడి కోసం ఒక చిన్న రికార్డు తెచ్చాడు. అది రోలింగ్ స్టోన్స్ వారి 'సాటిస్‌ఫాక్షన్' పాట. అంతకు ముందు ఏడాదే వచ్చింది. విశాఖపట్నంలో అటువంటిది మరొకటి లేదని మావాడి నమ్మకం. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాడు. మెత్తటి గుడ్డతో తుడిచి తానే పెట్టి తానే తీసేవాడు. వాళ్ల అమ్మగారు దేవుడి పటాలు కూడా అంత శ్రద్ధగా తుడిచేది కాదు.

ఆ రికార్డును పాడుచేసింది నేను.

మే నెల. పరీక్షలైపోయి ఊరికి పోబోతూ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మావాడు బజారుకు పోయాడు. డాబా మీద వాడి తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, పన్నెండేళ్లవాడు. ఇద్దరమూ కలిసి ఆ పాట పెట్టుకొన్నాం. తరవాత ఘంటసాల రికార్డు పెడదామని, దీన్ని తీసి కిటికీ గట్టు మీద ఎండలో ఉంచాను. పాట వింటూ చాప మీద కునుకు తీశాను. లేచి చూద్దును గదా, నూనెలో వేసిన అప్పడంలా అంచులు లేచి ఒంకర్లు తిరిగి ఉంది. గుండె జారిపోయింది. చేత్తో నొక్కాను, పుస్తకాల కింద పెట్టాను. లాభం లేకపోయింది. అలాగే కవరులో దూర్చి పెట్టేశాను. జేబులో పావలా ఉంటే పిల్లవాడి చేతిలో పెట్టి, "ఒట్టు, అన్నయ్యతో చెప్పకు" అన్నాను. చెప్పనన్నాడు.

సాయంత్రమే బయటపడింది. మావాడు తమ్ముణ్ణి పిలిచి, నువ్వేనా అన్నాడు. పిల్లవాడు నావంక ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. చెంప ఛెళ్లుమంది. నేను అక్కడే, చేతిలో మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నాను. రెండో దెబ్బకు అడ్డం వెళ్లి, "పోనీలేరా, చిన్నవాడు" అన్నాను. ఈ 'పోనీలేరా' అన్న మాట తలుచుకొంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇదంతా ఆ వయసు వాళ్లకు మామూలే అని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకొన్నాను కూడా. కాని 1989లో వాళ్ల నాన్నగారు పోయిన తరవాత మహారాణిపేట ఇంటి పంపకాల్లో అన్నదమ్ములకు చెడింది. మధ్యస్థం చెప్పటానికి కూర్చున్న పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి. మాటా మాటా పెరిగి మావాడు అందరిముందూ అన్నాడు: "వీడి బుద్ధి చిన్నప్పటినుంచీ ఇంతే. పాడుచేస్తాడు, అడిగితే నోరు విప్పడు. ఆ రికార్డు సంగతి నీకు గుర్తుంది గదరా?" తమ్ముడు అప్పుడు కూడా నావంక ఒకసారి చూశాడు. నేను కాఫీ గ్లాసులోకి చూశాను. అటుపైన పద్నాలుగేళ్లు అన్నదమ్ములకు మాటల్లేవు. తోడికోడళ్లకూ లేవు. ఆ గొడవకు కారణం ఇల్లే గాని రికార్డు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయితే మాత్రమేం?

టికెట్టు కొన్నానని మావాడు రాసినప్పుడు నేను ఎగిరి గంతెయ్యకపోవటానికి కారణం షష్టిపూర్తి కాదన్నమాట.

బెంగుళూరులో మావాడు మల్లేశ్వరంలో ఉండేవాడు. ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరైనాడు. శుక్రవారం మధ్యాహ్నానికే పెళ్లికొడుకులా తయారై కూర్చున్నాడు. వాళ్లావిడ, "అన్నయ్యగారూ, చెవుల్లో దూది పెట్టుకోండి" అని ఇద్దరికీ దూది ఇచ్చింది. మావాడు తన దూది అవతల పారేశాడు.

సాయంత్రానికి వాన పట్టుకొంది. గొడుగు లోపలికి పనికిరాదని గేటు దగ్గరే తీసుకొన్నారు. పులిహోర పొట్లం కూడా పనికిరాదన్నారు. అది పడెయ్యటానికి మనసొప్పక, ఇద్దరమూ గేటు పక్కనే నిలబడి వానలో తినేశాం. చుట్టూ చూస్తే వేలకు వేలు కుర్రాళ్లు, మా మనవలు కాదగ్గవాళ్లు కొందరు. కాని మధ్యమధ్య మా బాపతు బట్టతలలు కూడా కనిపించేసరికి కాస్త ధైర్యం వచ్చింది. ఒక కుర్రాడు తన ప్లాస్టిక్ గుడ్డలో సగం మా నెత్తిన కప్పి, "అంకుల్, మీరు దారి తప్పలేదు గదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. "మీరు పుట్టకముందే ఈ దారిన ఉన్నాం" అన్నాడు మావాడు.

నిలబడి నిలబడి కాళ్లు లాగుతూంటే వాడు నాకు ఆ జట్టు కథలు చెప్పసాగాడు. జాగరూ రిచర్డ్సూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదువుకొని విడిపోయారట. 1961 అక్టోబరులో ఒక ఉదయం డార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో రైలు ప్లాట్‌ఫారం మీద మళ్లీ తారసపడ్డారు. జాగర్ అప్పుడు లండన్‌లో ఎకనామిక్సు చదువుతున్నాడు. వాడి చంకలో అమెరికా నీగ్రో గాయకులు చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్‌ల రికార్డులున్నాయి. ఆ రికార్డులు చూసి రెండోవాడు పలకరించాడు, అంతే. చివరికి జట్టు పేరు కూడా మడ్డీ వాటర్స్ పాటలో నుంచే తీసుకొన్నారు. మిసిసిపీ పత్తి చేలల్లో పుట్టిన పాటలు ఓడలెక్కి ఇంగ్లండు పోతే, ఈ కుర్రాళ్లు వాటిని రికార్డుల మీద విని నేర్చుకొన్నారు. వీళ్ల పాట ఓడెక్కి విశాఖపట్నం వచ్చింది.

"చంకలో ఆ రికార్డులు లేకపోతే అసలు ఈ జట్టే లేదురా" అన్నాడు మావాడు. రికార్డు అన్న మాట వినపడ్డప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లయింది. పులిహోర వల్ల కావచ్చు.

చెప్పొద్దూ, మొదటి పాటకు నేను హడలిపోయాను. శబ్దం చెవిలోకి రావటం కాదు, రొమ్ముల మీద తన్నింది. దూది ఎందుకూ కొరగాలేదు. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు డప్పుల మధ్య చిక్కుకొన్నప్పుడు తప్ప అటువంటి అనుభవం ఎరుగను. కాని క్రమంగా అలవాటుపడ్డాను. జాగర్ వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతున్నాడు. ఒళ్లంతా ఎముకలూ నరాలే, పిసరు కొవ్వు లేదు. నేను మా ఇంటి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగుతానే, అది జ్ఞాపకం వచ్చి తల వంచుకొన్నాను. కీత్ రిచర్డ్స్ మొహం మీద ముడతలు తెర మీద పెద్దవిగా కనపడుతున్నాయి. వాడికి వాటి ధ్యాసే లేదు.

నాకు నచ్చినవాడు మాత్రం వెనక డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్. తల నెరిసిన పెద్దమనిషి. చుట్టూ ఇంత గోల జరుగుతూంటే నెలాఖరున ట్రెజరీలో పద్దులు సరిచూసుకొంటున్న హెడ్డు గుమాస్తాలా, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ కదలకుండా తన పని తాను చేసుకుపోతున్నాడు. ముప్పై ఏళ్లు ట్రెజరీలో పనిచేసినవాణ్ణి గనుక నాకు ఆ నిబ్బరం విలువ తెలుసు. మిగతావాళ్లంతా అతని మీద ఆనుకొని ఆడుతున్నారనిపించింది. 2021 ఆగస్టులో అతను పోయాడని చదివినప్పుడు సొంత ఆఫీసు మనిషి పోయినట్లే అయింది.

అన్ని పాటలూ బాగున్నాయని అబద్ధం చెప్పను. కొన్ని ఒకదానికొకటి అచ్చం ఒకలాగే ఉన్నాయి. అలా అని అక్కడ అంటే కుర్రాళ్లు ఊరుకొనేవారు కారు.

చాలాసేపటికి ఆ పాట వచ్చింది. కీత్ రిచర్డ్స్ 1965లో ఒక రాత్రి సగం నిద్రలో లేచి ఆ వరస గిటారు మీద వాయించి, టేపులో పట్టి మళ్లీ పడుకొన్నాడట. పొద్దున్న వింటే ఆ మూడు స్వరాల ముక్కా, తరవాత చాలాసేపు వాడి గురకా ఉన్నాయని ఆయనే చెప్పుకొన్నాడు. ఆ ముక్క ఇప్పుడు వేదిక మీద మోగేసరికి మైదానమంతా ఒక్కసారి లేచింది. మావాడివంక చూశాను. ఆ మనిషి ఇరవై రెండేళ్ల వాడై పోయాడు. కళ్లజోడు వానలో తడిసింది, తుడుచుకోవటం లేదు. మోకాలి మీద వేసే తాళం గాలిలో వేస్తున్నాడు. "విన్నావుట్రా!" అన్నట్లు పెదవులు కదిలాయి.

ఇహ ఉండబట్టలేకపోయాను. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, "ఆ రికార్డు పాడుచేసింది నేనేరా! మీ తమ్ముడు కాదు!" అని అరిచాను.

వాడు సంతోషంగా తల ఊపాడు. "అవునవును! అద్భుతం!" అని నా వీపు తట్టాడు.

కచేరీ అయిపోయింది. బురదలో చెప్పులు ఊడదీసుకొంటూ బయటపడితే ఆటోలు లేవు. బళ్లారి రోడ్డు పట్టుకొని మేఖ్రీ సర్కిలు వైపు నడక సాగించాం. చెవుల్లో ఈగల తుట్టె కదిపినట్లు ఒకటే రొద. పక్కనున్న మనిషి మాట పది మైళ్ల అవతలినుంచి వచ్చినట్లుంది.

"ఆ పాటప్పుడు ఏమిటో అన్నావు?" అన్నాడు మావాడు.

ఏమీ లేదు అనటానికి ఒక్క క్షణం వ్యవధి ఉంది. అన్నాను కూడా. వాడికి వినపడలేదు. "ఏమిటీ?" అన్నాడు గట్టిగా. అది వాడి కర్మో నా కర్మో గాని, ముప్పై ఏడేళ్లు దాచిన సంగతి నడిరోడ్డు మీద, కచేరీ నుంచి వస్తున్న జనమంతా తిరిగి చూసేటంత బిగ్గరగా చెప్పవలసి వచ్చింది. కిటికీ గట్టు, ఎండ, పావలా, అన్నీ. ఒక్కొక్క మాట రెండేసిసార్లు. "పావలా? ఏం పావలా?" అని వాడరిస్తే, "నోరు మూసుకోమని ఇచ్చిన పావలా!" అని నేనరిచాను. ప్లాస్టిక్ గుడ్డ పట్టిన కుర్రాడు ఎక్కడినుంచో వచ్చి, అంకుల్స్ కొట్టుకొంటున్నారేమోనని కాసేపు మా వెంట నడిచాడు.

మావాడు నన్నేమీ అనలేదు. అంటే బాగుండును. నాకు పది గజాలు ముందుకు పోయి ఒక్కడూ నడవసాగాడు. సాంకీ చెరువు వచ్చినదాకా వెనక్కి తిరిగి చూడలేదు. చెరువుగట్టు దగ్గర ఆగాడు. నేను కలుసుకొన్నాక, "వాడు దెబ్బ తిని కూడా చెప్పలేదేమిరా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. "1989లో కూడా చెప్పలేదు" అన్నాడు. దానికీ తోచలేదు.

ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. తడిబట్టలతోనే ఫోను దగ్గర కూర్చొని విశాఖపట్నానికి ఎస్టీడీ కలిపాడు. నంబరు కాగితం చూడకుండా నొక్కటం నేను గమనించాను. అవతల ఎవరో ఎత్తారు. మావాడు "హలో, హలో" అంటున్నాడు గాని వాడి చెవికి ఒక్క ముక్క అందటం లేదు. నా చెవికిచ్చాడు. నాకూ ఈగల రొదే. వాళ్లావిడ నిద్ర కళ్లతో వచ్చి, మా ఇద్దరి అవతారాలూ చూసి, ఫోను లాక్కొంది. మరిది గొంతు విని ఒక్క నిమిషం మాట రాక నిలబడింది.

తరవాత మావంక తిరిగి, చెవిటివాళ్లకు చెప్పినట్లు చెప్పింది: "'ఎవరు పోయారు' అని అడుగుతున్నాడు."

"ఎవరూ పోలేదని చెప్పు. ఆ రికార్డు వంకర చేసింది వీడని తెలిసి ఎందుకు చెప్పలేదో అడుగు."

అడిగింది. వింది. "చెప్పనని ఒట్టు వేశాడట గదా."

మావాడు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకోబోయాడు. పంచె కూడా తడే.

"ఆ పావలా ఏం చేశాడో అడగమ్మా" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలి గదా.

"రెండు పుల్ల ఐసులు కొన్నాడట. ఒకటి తినటానికి, ఒకటి చెంప మీద పెట్టుకోవటానికి."

మావాడు ఫోను తీసుకొన్నాడు. అవతలివాడు ఏమంటున్నాడో వినపడకపోయినా, వినపడుతున్నట్లే కాసేపు చెవి దగ్గర పెట్టుకొన్నాడు. ఆ తరవాత, "ఒరేయ్, ఆగస్టులో నా షష్టిపూర్తి. నువ్వూ అమ్మాయీ పిల్లలూ రండి" అని ఇల్లు అదిరిపోయేలా అరిచి, ఫోను భార్య చేతికిచ్చి ఆవిడ మొహంవంక చూశాడు.

ఆవిడ విని, "మీరు పిలిస్తే చాలదట. వదిన పిలవాలట" అన్నది.

అని, పమిట చెంగు భుజం మీదుగా లాక్కొని, మాకు వీపు పెట్టి ఫోనులో మాట్లాడటం మొదలుపెట్టింది. మేమిద్దరం తడిబట్టలతో ఆ బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ ఏం మాట్లాడిందో మాకు ఒక్క ముక్క వినపడలేదు.